సామర్లకోట వైద్యుడు రాక్సుబర్గు

గోదావరికి దక్షిణపుటొడ్డున బూర్గంపాడు కలదు. అచ్చటినుండి నదిని దాటి, భద్రాచలము మీదుగా అడవిలోనికి పోయినచో తేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు బారులుతీరి కనబడును. వేసవి ముదిరి తొలకరి జల్లులు పడు దినములలో ఆ చెట్ల కొమ్మలను పరికించి చూచినవారికి ఒక వింత మొక్క కానవచ్చును. దాని వేళ్లు నేలను తాకవు. తెల్లని లావైన వేళ్లతో బెరడును గట్టిగా పట్టుకొని, దోనెవలె మడిచిన దళసరి ఆకులను రెండువైపులకు చాచి, అది కొమ్మమీదనే బ్రదుకుచుండును. దాని పూరేకులు ఆకుపచ్చ కలిసిన పసుపువన్నెగలవి; వానిపై గోధుమవన్నె గీతలు గళ్లుగళ్లుగా అల్లుకొనియుండును. పెదవివలె ముందుకు వచ్చిన రేకు మాత్రము ఊదారంగుగలది. పూవునకు పరిమళమును కలదు.

చెట్లపై మొలచు మొక్కలను తెలుగువారు సామాన్యముగా బదనికలందురు. కాని మామిడికొమ్మలోనికి వేరు చొనిపి దాని రసమును పీల్చు బదనిక వేరు, ఈ పూలమొక్క వేరు. ఇది చెట్టును ఆసరాగా మాత్రమే కైకొనును. వాననీరు, గాలిలోని తేమ, బెరడుపై పేరుకొన్న మట్టిలోని సారము దీనికి ఆహారము. చెట్టు సొత్తును ఇది ముట్టదు. ఇట్టి పూలు పూయు కుటుంబమునకు శాస్త్రజ్ఞులు ఆర్కిడ్లని పేరిడిరి. వానిలో కొన్ని చెట్లపైనను, కొన్ని నేలపైనను పెరుగును.

పైని చెప్పిన గళ్లపూల మొక్కకు శాస్త్రరీతిని పేరుపెట్టి, బొమ్మతో గ్రంథమున కెక్కించినవాడు స్కాట్లండు దేశపు వైద్యుడొకడు. ఆ పనికి ఆయన కూర్చున్న చోటు మన సామర్లకోట. ఆయన పేరు విలియం రాక్సుబర్గు.

రాక్సుబర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండులోని ఎయిర్‌షైరు మండలమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. ఆ కాలమున మందులలో పెక్కులు మొక్కలనుండియే వచ్చుచుండెను గనుక, వైద్యము నేర్చువారు వృక్షశాస్త్రమును కూడ నేర్చుచుండిరి. ఎడింబరోలో ఆ శాస్త్రమును బోధించుచుండిన జాన్ హోపు అను పండితుడు రాక్సుబర్గునకు గురువయ్యెను. శిష్యుడు వైద్యమును వృత్తిగా కైకొనెను గాని, అతని మనస్సు మాత్రము గురువుగారి తోటలోనే నిలిచిపోయెను.

ఈస్టిండియా కంపెనీ ఓడలలో కొంతకాలము పనిచేసిన పిమ్మట, 1776లో ఆయన మదరాసున కంపెనీ వైద్యశాఖలో చేరెను. రోగులను చూచిన తరువాత మిగిలిన వేళను ఆయన వృథాపుచ్చలేదు. గాలి వేడిమిని, వాయుభారమును, గాలి వీచు దిక్కును, వానను దినదినమును వ్రాసియుంచెను. ఆ పట్టికలు లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చుపడెను. చూచినదానిని చూచినట్లు ఆనాడే వ్రాసిపెట్టు అలవాటు ఆయనకు జీవితాంతము వరకు ఉండెను.

1781లో రాక్సుబర్గు సామర్లకోటకు వచ్చెను. అక్కడి కోటలోని సేనకు ఆయన వైద్యుడు. చుట్టును గోదావరి మండలపు పచ్చని పొలములు, ఉత్తరమున కొండలు, దాపున సముద్రము. మొక్కలను ప్రేమించువానికి ఇంతకంటె మంచి చోటు దొరకుట అరుదు. ఆయన అచ్చట ఒక తోట వేసి మిరియములు, నీలిమందు, చెరకు మొదలగువానిని పెంచి పరీక్షించెను. రాజమహేంద్రవరపు సర్కారులోని కొండలలో అడవిమిరియపు తీగ పెరుగుచున్నదని తెలిసి, దానిని తెప్పించి నాటించెను. ఆ ప్రాంతపు రైతులు చెరకు నాటి, గానుగాడి, బెల్లము వండు పద్ధతిని గూర్చి వివరముగా వ్రాసి పైవారికి పంపెను. కంపెనీవారికి కావలసినది వర్తకలాభము. రాక్సుబర్గునకు కావలసినది మొక్కలను తెలిసికొనుట. రెండును ఒక దారినే నడచినంతకాలము ఆయన పనికి అడ్డులేకపోయెను.

ఆ దినములలో జొహాన్ కోనిగు అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆయనకు మిత్రుడయ్యెను. కోనిగు స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడైన లిన్నేయసునకు శిష్యుడు. ఇతడు తూర్పు సముద్రములలోని జంకుసిలోను ద్వీపమున చెట్లపై పెరుగు ఆర్కిడ్లను పరిశీలించి వర్ణించియుండెను. 1785లో కోనిగు కాకినాడ దాపుననున్న జగన్నాథపురమున రోగపీడితుడై మరణించెను. కడపటి దినములలో ఆయనకు వైద్యము చేసినవాడు రాక్సుబర్గే.

రెండేండ్లు గడచెను. 1787వ సంవత్సరము మే మాసమున కోరంగి తీరమున గొప్ప తుపాను చెలరేగెను. సముద్రము కట్టలు తెగినట్లు ఊళ్లపై పడెను. వేలకొలది జనులు, పశువులు ఆ ఉప్పెనలో కొట్టుకొనిపోయిరి. ఇంజరము వద్ద రాక్సుబర్గు పుస్తకములు, వ్రాతప్రతులు, అంతవరకు ఎండబెట్టి దాచిన మొక్కలు సమస్తమును నీటిపాలయ్యెను. ఇండియాకు వచ్చిన పదునొకండు సంవత్సరములలో కూర్చినదంతయు ఒక్క ఉప్పెనలో పోయెను. ఎండబెట్టిన మొక్క పోయినచో మరల తెచ్చుకొనవచ్చును. కాని ఏ చెట్టు ఏ కొండపై ఏ నెలలో పూచెనో వ్రాసికొన్న కాగితము పోయినచో ఆ ఋతువు మరల వచ్చువరకు వేచియుండవలసినదే. నలువదేండ్లకు దగ్గరపడుచున్న ఆ వైద్యుడు ఆ పనికే పూనుకొనెను. మొదటినుండి మరల మొదలుపెట్టెను.

అంతలో మరియొక ఆపద వచ్చెను. 1790 ప్రాంతమున వానలు తప్పి ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వ్యాపించెను. దిక్కులేక చచ్చినవారి ఎముకలు దారుల వెంబడి పడియుండుటచే ఆనాటి కరవునకు పుఱ్ఱెల కరవని పేరు వచ్చెను. రాక్సుబర్గు ఆ బాధను కన్నులార చూచెను. వరి, జొన్నలు పండనప్పుడు మనుష్యుని ఆదుకొనునవి చెట్లేయని ఆయన తలచెను. కొబ్బరి, అరటి, ఖర్జూరము, సగ్గుబియ్యపు చెట్టు మొదలగువానిని ఊరూర నాటింపవలెనని కంపెనీవారికి మరల మరల వ్రాసెను. ఆ వ్రాతలలో కొన్ని కచ్చేరీ కాగితములుగానే నిలిచిపోయెను.

అంతకు కొంచెము ముందు, 1789లో, కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడైన పాట్రిక్ రస్సెలు స్వదేశమునకు పోయెను. పాములను గూర్చి గ్రంథము వ్రాసిన రస్సెలు ఇతడే. కోరమాండలు తీరమున పనికివచ్చు మొక్కలన్నిటిని బొమ్మలతో గ్రంథముగా వెలువరింపవలెనని ఇతడు పూర్వమే సూచించియుండెను. ఇతని స్థానము, ఆ గ్రంథభారము రాక్సుబర్గుపై పడెను.

బొమ్మలు వ్రాయుటకు ఆయన దేశీయులైన చిత్రకారులను నియమించెను. కలంకారీ అద్దకములకును, దేవాలయ చిత్రములకును ప్రసిద్ధికెక్కిన ఈ తీరమున చేయితిరిగిన పనివారికి కొదువలేదు. ఐనను ఈ పని వారికి క్రొత్తది. లతను అందముగా వంచి వ్రాయుట కాదు. ఆకునకు ఎన్ని ఈనెలుండునో అన్నియే వ్రాయవలెను. పూవును నిలువున కోసి, లోపలి భాగములను ఒక్కొక్కటిగా విడదీసి, పెద్దవిగా చేసి పుట అడుగున చూపవలెను. వైద్యుడు ప్రక్కన కూర్చుండి సూదితో పూవును విప్పుచుండగా చిత్రకారుడు కుంచెతో దానిని కాగితముపై దింపుచుండెను. మొక్కను తెచ్చినవారు చెప్పిన తెలుగుపేరును రాక్సుబర్గు అడిగి తెలిసికొని, ఇంగ్లీషు లిపిలో దాని ప్రక్క వ్రాసికొనెను. జ్వరమునకు మందుగా పనికివచ్చు బెరడుగల సోమిద చెట్టును గూర్చి వ్రాసినప్పుడును ఆయన అట్లే చేసెను. ఆ తెలుగుమాటయే తరువాత లాటినుపేరులో చేరి, సోయ్‌మిడా అను రూపమున నేటికిని నిలిచియున్నది. చెట్టుపేరు నిలిచెను గాని, చిత్రకారుల పేర్లు మాత్రము ఆ గ్రంథమున కానరావు.

1794 నాటికి అయిదువందల చిత్రములు లండను చేరెను. వానినుండి మూడువందలను ఏరి, సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున కోరమాండలు తీరపు మొక్కలు అను గ్రంథముగా అచ్చువేయ నారంభించిరి. 1795లో వెలువడిన మొదటి సంపుటములోనే మన గళ్లపూల మొక్క కలదు. రాక్సుబర్గు దానికి ఎపిడెండ్రం టెస్సెల్లేటం అని పేరిడెను. మొదటిమాటకు చెట్టుపైనుండునదియనియు, రెండవదానికి గళ్లుగలదియనియు అర్థము. అడవిలో దానిని చూచినవారెవరైనను ఆ పేరు సరిపోయినదనియే అందురు.

ఆ పూవును విప్పి చూచిన వారందరిని తికమకపెట్టు సంగతి యొకటి కలదు. మందారపూవులో పుప్పొడిగల కేసరములు, కాయను కట్టు అండాశయము వేరువేరుగా తెలియును. పుప్పొడి పొడివలె రాలును. గాలియో పురుగో దానిని కొనిపోవును. ఆర్కిడు పూవులో అట్లు కాదు. మగభాగము, ఆడభాగము రెండును కలిసి ఒక చిన్న స్తంభముగా ఏర్పడియుండును. పుప్పొడి పొడిగా నుండక ముద్దకట్టియుండును. గళ్లపూవులో అట్టి ముద్దలు రెండు, స్తంభపు కొనయందు ఒక టోపీ క్రింద దాగియుండును. ఆ రెండును సన్నని పట్టీవంటి కాడను అంటియుండును. కాడ మొదట జిగురుబిళ్ల కలదు. ముద్దల క్రిందనే, పుప్పొడిని గ్రహింపవలసిన గుంట జిగురుతో నిండియుండును. రెంటికిని నడుమ చిన్న అడ్డుగోడ. ముద్ద తనంతట జారి గుంటలో పడుటకు వీలులేదు. అంత దగ్గరనుండియు అవి తమంతట కలియలేవు! మరి కాయలెట్లు కాయుచున్నవి?

ఆ కాలపు వృక్షశాస్త్రజ్ఞులకు ఈ చిక్కు విడలేదు. రాక్సుబర్గు సామర్లకోట విడిచిన 1793వ సంవత్సరముననే జర్మనీలో స్ప్రెంగెలు అను పాఠశాలాధిపతి, పురుగులే పూలకు పుప్పొడిని చేర్చుచున్నవని చూపుచు గ్రంథము వెలువరించెను. కొన్ని ఆర్కిడ్లలో తేనెచుక్క యైన లేదనియు, ఉన్నట్లు నటించి పురుగులను మోసగించుచున్నవనియు కూడ ఆయన కనుగొనెను. పూవు మోసము చేయునా అని అందరును నవ్విరి. ఆ గ్రంథమును పట్టించుకొన్నవారు లేరు.

చిక్కును పూర్తిగా విప్పినవాడు చార్లెసు డార్విను. ఆయన 1862లో ఆర్కిడ్ల పరాగసంపర్కమును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమును ప్రకటించెను. వాడిగా చెక్కిన పెన్సిలు మొనను ఆయన పూవులోనికి పురుగు ముట్టెవలె దూర్చి వెలికి తీసెను. మొనకు పుప్పొడిముద్దలు కొమ్ములవలె అంటుకొని వచ్చెను. పూవును చేరిన తేనెటీగకును జరుగునది ఇదియే. అది పెదవిరేకుపై వ్రాలి లోపలికి తల దూర్చును. మరలునప్పుడు జిగురుబిళ్ల దాని తలకు అంటును. టోపీ ఊడి ముద్దలు దానివెంట వచ్చును. ఇంగ్లండులోని ఒక ఆర్కిడులో, అంటుకొన్నప్పుడు నిటారుగా నిలిచిన ముద్దలు అర నిమిషములో ముందుకు వ్రాలుట డార్విను చూచెను. ఈగ మరియొక పూవునకు పోవునప్పటికి ముద్ద సరిగా జిగురుగుంటకు ఎదురుగా వచ్చును. గుంటలోని జిగురు దానిని లాగుకొనును. అడ్డుగోడ ఎందుకున్నదో అప్పుడు తెలిసినది: ఒక పూవు పుప్పొడి ఆ పూవునకే కాక, వేరొక పూవునకు అందవలెనని!

అంతకుముందే, 1831లో, రాబర్టు బ్రౌను అను శాస్త్రజ్ఞుడు ఆర్కిడు పుప్పొడిముద్దనుండి సన్నని గొట్టములు బయలుదేరి అండాశయములోనికి దిగుటను సూక్ష్మదర్శినితో చూచియుండెను. పాఠశాలలో నేర్చు కణకేంద్రమును ఆయన గుర్తించి పేరిడినదియు ఆ ఆర్కిడ్ల కణములను పరిశీలించునప్పుడే.

కాయ పండిన తరువాతి కథయు విచిత్రమైనదే. ఆర్కిడు కాయ పగిలినప్పుడు రాలునది గింజలని ఎవరును నమ్మరు. అది దుమ్మువలె నుండును. ఇంగ్లండులోని మరియొక ఆర్కిడు కాయలో దాదాపు 6,200 గింజలుండునని డార్విను లెక్కించెను. వడ్లగింజలో మొలకకు కావలసిన తిండి నిలువయుండును. ఈ గింజలో అది ఇంచుమించు శూన్యము. బెరడు పగుళ్లలోను మట్టిలోను ఉండు ఒక విధమైన శిలీంధ్రము దానిలో ప్రవేశించి ఆహారమును అందించిననే అది మొలకెత్తును. ఈ సంగతి 1899లో ఫ్రాన్సు దేశపు నోయెలు బెర్నార్డు కనుగొనువరకు ఎవరికిని తెలియదు. వేలకొలది గింజలు గాలిలో లేచిపోయినను తగిన కొమ్మను, తగిన శిలీంధ్రమును చేరునవి ఏవో కొన్ని మాత్రమే. కావుననే అడవిలో ఒక చెట్టును నరికినచో దానిపైనున్న ఆర్కిడును మరల తెచ్చుట అంత తేలిక కాదు.

రాక్సుబర్గు గ్రంథపు మొదటి సంపుటములోనే నేలపై పెరుగు ఆర్కిడు ఒకటి కలదు. పూచునప్పుడు దాని పూలకాడ గొల్లవాని కఱ్ఱవలె కొనయందు వంగి పూగుత్తిని నేలవైపు త్రిప్పును. ఆయన దానికి వంగినది అను అర్థము వచ్చునట్లే పేరిడెను. పురుగులు వచ్చిపోయి కాయలు కట్టిన పిదప ఆ కాడయే మెల్లమెల్లగా నిటారగును. దుమ్మువంటి గింజలను గాలి కొనిపోవలెనన్నచో కాయ ఎత్తుననుండుట మేలు గదా.

1793లో కల్నలు కిడ్డు మరణింపగా, కలకత్తా దాపున హుగ్లీ ఒడ్డుననున్న కంపెనీ ఉద్యానమునకు రాక్సుబర్గు అధికారియయ్యెను. అచ్చట ఇరువదేండ్లు పనిచేసెను. ఇండియా నలుమూలలనుండియు, విదేశములనుండియు మొక్కలను రప్పించెను. రాజమహేంద్రవరపు తేకు విత్తనములను బంగాళమునకు తెప్పించి నాటించెను. అచ్చటను చిత్రకారులు ఆయనను విడువలేదు. ఆయన వ్రాయించిన చిత్రములు మొత్తము 2,500కు పైబడినవి. వానిలో ఒక జత కలకత్తాలోను, ఒక జత లండను దాపుననున్న క్యూ ఉద్యానమునందును నేటికిని భద్రముగా నున్నవి. శ్రీరామపురపు విలియం కేరీ ఆయనకు ఆప్తమిత్రుడు. మన అడవులలోని కుంభి చెట్టునకు ఆ మిత్రుని పేరుమీదుగానే రాక్సుబర్గు కేరియా అని పేరిడెను.

ఎండవేడిమి, జ్వరములు ఆయన దేహమును క్రుంగదీసెను. 1813లో ఆయన కలకత్తాను విడిచెను. దారిలో సెయింట్ హెలీనా ద్వీపమున కొన్ని నెలలు ఆగవలసివచ్చెను. రోగియై విశ్రాంతికి దిగినవాడు అచ్చటను ఊరకుండక, ఆ ద్వీపపు మొక్కలకు పట్టిక వ్రాసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. ఆయన ప్రధాన గ్రంథమైన ఫ్లోరా ఇండికాను అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు లేకపోయెను. కేరీ దానిని శ్రీరామపురమున ముద్రింపించెను. సంపూర్ణ ప్రతి 1832లో వెలువడెను. కోరమాండలు మొక్కల కడపటి భాగమును ఆయన మరణానంతరమే, 1820లో ముగిసెను.

ఆ 1820లోనే రాబర్టు బ్రౌను, సామర్లకోటలో పేరుపొందిన గళ్లపూల మొక్కను వాండా అను జాతిలో చేర్చెను. వాండా యను మాటను అంతకుముందు సర్ విలియం జోన్సు సంస్కృతమునుండి గ్రహించియుండెను. రాక్సుబర్గుపై గౌరవముతో బ్రౌను ఆ మొక్కను వాండా రాక్సుబర్గీ అని పిలిచెను. వైద్యగ్రంథములందును తోటలందును ఆ పేరు చాలకాలము వాడుకలో నుండెను. కాని శాస్త్రనియమము ప్రకారము ఒక మొక్కకు మొదట పెట్టిన విశేషణమునకే చెల్లుబడి. ఆ మొదటిది రాక్సుబర్గు తానే 1795లో పెట్టినది. కావున ఆయన పేరు తొలగి, ఆయన పెట్టిన పేరు నిలిచెను. నేడు వృక్షశాస్త్ర గ్రంథములలో ఆ మొక్క వాండా టెస్సెల్లేటా.